వరద డ్యూటీలో రూత్ కుమారి గారు

మా ట్రక్కులు తాడేపల్లి చేరేసరికి తెల్లవారుతోంది. మొదటి ట్రక్కులో రబ్బరు బోట్లు, మోటార్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు. రెండో దాంట్లో మేము. మూడో దాంట్లో పెట్రోలు డబ్బాలు, రేషను. గుంటూరు దాటిన దగ్గర్నుంచి రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. పూత మీదున్న పత్తి. ఆకులు అప్పటికే వాలిపోయాయి. వాన ఆగింది కానీ పైనుంచి డ్యాముల నీళ్ళు వస్తూనే ఉన్నాయి. కృష్ణ ఎర్రగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా పోతోంది. చప్పుడు చేసే నీళ్ళకంటే అలాంటి నీళ్ళకే భయపడాలని మాకు శిక్షణలో చెప్పారు.

నేనప్పుడు ఇంజినీర్ రెజిమెంట్‌లో హవల్దార్‌ని. మా ఊరు కనిగిరి దగ్గర. బిందెడు నీళ్ళ కోసం ట్యాంకరు వెంట పరిగెత్తిన ఊరు. దళం మొత్తంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని మేజర్ సాబ్ నాకు రెండు పనులు అప్పగించారు. బోటులో ముందు కూర్చోవాలి. జనంతో మాట్లాడాలి.

బోటు నడిపేవాడు ఒక మలయాళీ నాయక్. పడవల మధ్య పుట్టినవాడు. మోటారు చప్పుడు కాస్త మారితే చాలు, కింద ఇసుక మేట ఉందని చెప్పేవాడు. అంత నీళ్ళలో అతను వెనక ఉన్నాడంటే మాకు గట్టు మీద ఉన్నట్టే.

గట్టు పక్కన బళ్ళో మా మకాం. మేం వెళ్ళేసరికే అక్కడ ఒకావిడ పనిలో ఉన్నారు. నలభై అయిదేళ్ళుంటాయి. పంజాబీ డ్రెస్సు, కాళ్ళకు రబ్బరు బూట్లు, జుట్టు బిగించి ముడి. బోట్లలోంచి ముసలివాళ్ళను దించుతున్నారు. వాళ్ళ చంకల్లో చేతులేసి లాగుతున్న కుర్రాళ్ళను ఆపారు.

"అట్టా లాగమాకండి నాయనా, భుజం ఊడి వచ్చుద్ది. నడుం దగ్గర పట్టుకో. ఆమె లేస్తది, నువ్వు తోడుండు అంతే."

ఎవరని అడిగాను. మంగళగిరిలో ఫిజియోథెరపీ క్లినిక్ ఉందని, పేరు రూత్ కుమారి అని, వరద వచ్చిందని మూసేసి వచ్చానని చెప్పారు. నేను అంతగా పట్టించుకోలేదు. ఫిజియో అంటే మోకాళ్ళకు కరెంటు పెట్టేవాళ్ళు అనుకునేవాణ్ణి.

రెండో రోజు ఉదయం నది మధ్యలోని లంక నుంచి జనాన్ని ఎక్కించుకుని తిరిగొస్తుంటే, మునిగిన తాడిచెట్టు దగ్గర సుడి బోటును తిప్పేసింది. వెనక భాగం వెళ్ళి చెట్టుకు కొట్టుకుంది. నాయక్ తల మొద్దుకు తగిలింది. రక్తం రాలేదు. పడిపోలేదు. నవ్వాడు కూడా. బోటును సరిగ్గా గట్టుకు తెచ్చాడు.

గట్టెక్కాక నన్నడిగాడు. "పిల్లలెంతమంది ఎక్కారు భాయ్?"

నలుగురన్నాను. తాడు కట్టాడు. మళ్ళీ అడిగాడు. "పిల్లలెంతమంది?"

రూత్ మేడమ్ ఒక ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెడుతున్నారు. తలెత్తి మావైపు చూశారు.

"హవల్దార్ గారూ, అతనికి ఏమైందండి?"

"తల కొంచెం తగిలింది మేడమ్. ఏం కాలేదు."

"దిగేటప్పుడు కాలు ఎడంగా పడింది. పొద్దున అట్టా లేదు. మీరు నేను అడిగింది అడగండి."

నేను మధ్యలో నిలబడి హిందీలోకి మార్చి అడిగాను. తల నొప్పిగా ఉందా. వాంతి వస్తున్నట్టుందా. వెలుతురు చూస్తే ఇబ్బందిగా ఉందా. నాయక్ అన్నిటికీ లేదన్నాడు. లేదంటూనే ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ ఇంకేం అడగలేదు. మా మెడికల్ ఆఫీసర్‌కు చెప్పి, జీపులో ఆసుపత్రికి పంపించారు. సాయంత్రానికి తిరిగొచ్చాడు. స్కాన్‌లో ఏమీ లేదు. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు, మనిషిని కనిపెట్టుకుని ఉండమన్నాడు. నాయక్‌కు మాత్రం 'ఏమీ లేదు' అన్న ముక్క ఒక్కటే వినపడింది.

మర్నాడు పొద్దున్నే రేడియో పలికింది.

"లంకలో చర్చి డాబా మీద జనం. నీళ్ళు మెట్లెక్కుతున్నాయి. పిల్లలున్నారు. ఓవర్."

రెండో బోటు బ్యారేజీకి దిగువన ఉంది. రావడానికి చాలా సేపు పడుతుంది. నేను తాళ్ళు తెచ్చేసరికే నాయక్ లైఫ్ జాకెట్ వేసుకుని బోటు దగ్గరున్నాడు. మేడమ్ అతని ఎదురుగా నిలబడి ఉన్నారు. అంతలో మేజర్ సాబ్ వచ్చారు.

"స్కాన్ బాగుందన్నారు కదా," అన్నారు మేజర్. ఆయన గొంతులో కోపం లేదు. డాబా మీది పిల్లల సంగతే ఉంది.

ఆవిడ తెలుగులో చెప్పారు. నేను మార్చాను.

"స్కాన్‌లో రక్తం కనపడుద్ది సార్, విరిగితే కనపడుద్ది. ఇతని దెబ్బ అందులో కనపడేది కాదు. చెయ్యి విరిగితే కట్టు కడతాం, నలుగురూ చూసి పక్కకు జరుగుతారు. దీనికి కట్టు లేదు. అందుకే దీనికి ఎవరూ సెలవివ్వరు. ఇతన్ని ఆపే అధికారం నాకు లేదు. ఒక్క పని చేసి చూపించమనండి చాలు. బోటును చెట్టుకు కట్టే ముడి వెయ్యమనండి."

నాయక్ నవ్వాడు. పదమూడేళ్ళుగా వేస్తున్న ముడి అది. తాడు తీసుకున్నాడు. ఒక మెలిక వేశాడు. కొస చుట్టూ తిప్పాడు. ఆగాడు. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడికే వచ్చి మళ్ళీ ఆగాడు. మూడోసారి తాడు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. చేతులు వణకలేదు. చేతులకు దారి తెలియలేదు అంతే.

ఆవిడ 'చూశారా' అన్నట్టు మావైపు చూడలేదు. అతని చేతుల్లోంచి తాడు మెల్లగా తీసుకున్నారు.

నాయక్ తనంతట తానే లైఫ్ జాకెట్ విప్పి నాకిచ్చాడు. "నువ్వు తీసుకెళ్ళు భాయ్. చెట్ల వరసకు ఎడంగా పో. దూరమైనా సరే."

"నడపగలవా?" అన్నారు మేజర్.

"నేర్చుకున్నాను సాబ్. అతనిలా రాదు."

"అతనిలా వద్దు. నెమ్మదిగా వెళ్ళు."

వెళ్ళాను. అరటితోటల మీదుగా, కరెంటు తీగల కిందుగా. చర్చి డాబా మీద జనం ఎండకు పట్టుకున్న గొడుగుల కింద ముడుచుకుని ఉన్నారు. పిల్లల్ని ముందు ఎక్కించాం. వచ్చేటప్పుడు ఒక చెట్టు, వేళ్ళతో సహా, అడ్డంగా కొట్టుకొచ్చింది. మోటారు వేగం తగ్గించి, దాన్ని తిప్పే పిడిని పక్కకు తోసేసరికి అది బోటు పక్కను రాసుకుంటూ పోయింది. మొత్తం రెప్పపాటు. లోపలికి నీళ్ళొచ్చాయి. ఆడవాళ్ళు గిన్నెలతో తోడి పోశారు. ఆ రెప్పపాటులో తాడు పట్టుకుని ఆగిపోయిన నాయక్ చేతులు నా కళ్ళ ముందు కదిలాయి.

ఒక ముసలావిడ నా చొక్కా పట్టుకునే ఉంది. "ఏ ఊరు బాబూ నీది?"

"కనిగిరి మామ్మా."

"కనిగిరా? నువ్వెప్పుడు చూశావురా ఇన్ని నీళ్ళు?"

బోటులో వాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. గట్టెక్కేదాకా ఆ నవ్వే నన్ను నడిపింది.

ఆ తర్వాత నాయక్‌ను ఆవిడకు అప్పగించారు మేజర్. మొదట రెండు రోజులు బళ్ళో ఒక గదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టి ఉంచారు. ఫోను లేదు, రేడియో లేదు. తర్వాత వరండాలో నడక. తలనొప్పి రాకపోతే కొంచెం ఎక్కువ, వస్తే వెనక్కి. ఆవిడ బొటనవేలు అటూ ఇటూ కదిపితే అతను కళ్ళతో వెంబడించాలి. మొదటిరోజు దానికే వాంతి చేసుకున్నాడు.

"జనం నీళ్ళలో ఉంటే నేను ఇక్కడ వేలు చూస్తూ కూర్చున్నాను," అన్నాడు ఒకరోజు. నేను ఆవిడకు చెప్పాను.

"ఇదీ డ్యూటీయే అని చెప్పండి," అన్నారు. "ఇది సరిగ్గా చేస్తే వచ్చే వరదకు ఉంటాడు."

మా కుర్రాళ్ళు ఇసుక బస్తాలు మోస్తుంటే కూడా ఆవిడ చూస్తూ ఊరుకోలేదు. బస్తా పొట్టకు ఆనించుకోమన్నారు. తిరగాలంటే నడుం తిప్పొద్దు, పాదాలు తిప్పమన్నారు. మూడు రోజుల నుంచి నడుం పట్టుకుని తిరుగుతున్న మా వంటవాడు కూడా డేగిసా అలాగే ఎత్తడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం అన్నాలప్పుడు ఇదంతా ఎక్కడ నేర్చారని అడిగాను.

వాళ్ళ నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మిరపకాయల బస్తాలను అక్కడ టిక్కీలంటారు. టిక్కీ ఎత్తుతూ నడుం పోయి మంచాన పడ్డాడు. ఇక లేవడనే అనుకున్నారు. ఆసుపత్రి నుంచి ఒక ఫిజియో వచ్చి, నెలల తరబడి పట్టుబట్టి ఆయన్ని నడిపించింది. ఈవిడ అప్పుడు ఇంటర్. ఆ చదువే చదివారు. మంగళగిరిలో క్లినిక్ పెట్టి మగ్గాల వాళ్ళ మెడలు, మోకాళ్ళు చూశారు. కానీ యార్డు వదల్లేదు. సీజన్‌లో పొద్దున్నే వెళ్ళి హమాలీలకు బస్తా ఎత్తడం చూపించేవారు.

"నవ్వారండి మొదట్లో. మా తాత కాడ్నించి మోస్తున్నాం, నువ్వు చెప్పేదేంది పాపా అన్నారు. మీ తాత చివరికి ఎట్టా నడిచేవాడో గుర్తుందా అని అడిగాను. ఇంక నవ్వలేదు."

"మరి తల దెబ్బల సంగతి?"

ఆవిడ కంచం పక్కన పెట్టారు.

"కబడ్డీ పోటీలకు, ఆడేవాళ్ళ దెబ్బలు చూడ్డానికి, బ్యాగు వేసుకుని వెళ్ళేదాన్ని. నా దగ్గర మోకాలు బాగుచేయించుకున్న పిల్ల ఒకతి. బాగా ఆడేది. నేను లేని రోజు ఒక పోటీలో తల తగిలింది. నీళ్ళు చల్లి మళ్ళీ దించారు. రెండోసారి తగిలింది. బతికింది. కానీ ఇప్పటికీ అరపేజీ చదివితే తల పట్టుకుంటది. అప్పట్నించి ప్రతి ఊళ్ళో చెప్తన్నా. తల తగిలితే ఆ రోజు ఆట లేదు, అంతే. తిట్టారు. మైకులో కూడా తిట్టారు. ఇప్పుడు ఎవరికన్నా తల తగిలితే రిఫరీ కంటే ముందు నావైపు చూస్తారు."

గొప్ప చెప్పుకున్నట్టు కాదు, బస్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పినట్టు చెప్పారు. సర్వీసులో పతకాలున్నవాళ్ళను చాలామందిని చూశాను. అంత నిబ్బరం కొద్దిమందిలోనే చూశాను.

నీళ్ళు తగ్గాయి. వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. నాయక్ తర్వాత కొన్ని వారాలు రెజిమెంట్ ఆసుపత్రిలో ఆవిడ చెప్పిన వరసలోనే కోలుకుని మళ్ళీ బోటెక్కాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు నేర్పుతున్నాడు. ఫోనులో నాతో అన్నాడు, హెల్మెట్ లేకుండా ఎవణ్ణీ బోటెక్కనివ్వడట. నేను రిటైరై కనిగిరి వచ్చేశాను. నాలుగెకరాల మెట్ట. ఇక్కడ వరద డ్యూటీ గురించి అడిగినవాళ్ళకు చర్చి డాబా, కొట్టుకొచ్చిన చెట్టు సంగతి చెప్తాను. వాళ్ళు వినాలనుకునేవి అవే.

నన్ను వదలనిది వేరే. మేం బయల్దేరే రోజు ఉదయం. ట్రక్కుల ఇంజన్లు నడుస్తున్నాయి. బడి ముందు బురద ఆరి పగుళ్ళిచ్చింది. పిల్లలు ఆడుకోను గీసిన సున్నం గీత ఒకటి అక్కడక్కడా మిగిలింది. నాయక్ ఆ గీత మీద, ముందు కాలి మడమకు వెనక కాలి వేళ్ళు ఆనిస్తూ, కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు. రూత్ కుమారి గారు అతని ముందు వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నారు. రెండు చేతులూ చాచి, అతని భుజాలకు జానెడు దూరంలో పెట్టారు. అతను ఒకసారి తూలాడు. ఆ చేతులు దగ్గరకొచ్చాయి. తాకలేదు. అతను నిలదొక్కుకున్నాడు. చేతులు మళ్ళీ జానెడు వెనక్కి వెళ్ళాయి.