బ్యాంకాక్‌లో ముగ్గురికి టేబుల్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ పూట కూడా లేదు. నేను ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మా దగ్గర తాళం వేసున్న ప్రతి రైల్వే క్వార్టర్‌కీ ఒక దెయ్యం కథ ఉంటుంది. అలాంటి క్వార్టర్‌నే ఒకదాన్ని, ఎవరూ వద్దంటే నేను అడిగి మరీ తీసుకుని ఆరేళ్లు కాపురం చేశాను. పైకప్పు కారడం తప్ప ఇంకే ఇబ్బందీ పడలేదు.

నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని. ఏ బండి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్లింది రాసుకోవడం నా పని. రాసి ఉంటే జరిగినట్టు, లేకపోతే లేనట్టు. అందుకే ఇదీ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆవిడ సత్యవతి మా పేటలోని తెలుగు బళ్లో టీచరు. మాకు ఒక్కతే కూతురు, హరిణి. ఇంట్లో మాత్రం టుంపా అంటాం. బెంగాలీవాళ్ల మధ్య బతికేవాళ్లం కదా, వాళ్లలాగే పిల్లలకి బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు పెట్టుకోవడం మాకూ అలవాటైపోయింది.

టుంపా అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలకి పుట్టింది. గొడవంతా అక్కడే మొదలైంది. రైల్వేవాడికి సున్నా గంటలకి తేదీ మారిపోతుంది. బర్త్ సర్టిఫికెట్‌లో కూడా మర్నాటి తేదీయే వేశారు. సత్యవతిది పంచాంగం లెక్క. తెల్లారితేగానీ ఆవిడకి రోజు మారదు.

"ఏటండీ, సూర్యుడు రాకండా రోజెలా మారిపోద్దండీ? మీ రైలుబళ్లకి మారితే మారనీండి, నా పిల్లకి మారదు," అనేది.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆవిడ పట్టినదానికీ అంతే. దాంతో మా ఇంట్లో ఏటా రెండు పుట్టినరోజులు. ముందు రోజు ఆవిడ బియ్యం పాయసం, మర్నాడు గోల్‌బజార్ నుంచి నేను తెచ్చే కేకు. పాయసం భోజనానికి ముందే తినాలి, అదొక రూలు. ఆఖర్న పెడితే పిల్ల పొట్టలో చోటుండదని ఆవిడ వాదన.

బ్యాంకాక్ ప్రయాణం సత్యవతి ఆలోచనే. పిల్లకి ఇరవై నిండుతున్నాయి, ఒక్కసారైనా అందరం విమానం ఎక్కాలి, ఆ రోజు ఫారిన్‌లో మంచి హోటల్లో భోజనం చెయ్యాలి అంది. ముగ్గురికీ పాస్‌పోర్టులు చేయించింది. టికెట్లు కూడా తీసుకున్నాక జబ్బు బయటపడింది. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుందనగా పోయింది.

పోయే ముందు వారం, ఓ మధ్యాహ్నం ఆసుపత్రి గదిలో మేమిద్దరమే ఉన్నాం. "ఈ ఒక్కసారికి ఆ హోటల్ బోజనం నా లెక్కన సెయ్యండి. శుక్రవారం నాడే. మాటివ్వండి," అంది. చెయ్యి పట్టుకుని అలాగే అన్నాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. టుంపాకి కూడా.

తర్వాత మర్చిపోయాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయాలి. కార్యాలన్నీ అయ్యాక డ్యూటీకి వెళ్లాను, తిన్నాను, సంతకాలు పెట్టాను. ఏడుపు రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదే, మనిషి మొత్తం అలా ఉన్నాను. టుంపా అంతకన్నా అన్యాయం. అమ్మ అన్న మాటే ఎత్తడం మానేసింది. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. నాకున్న భయమల్లా ఒకటే, ఈ పిల్ల కూడా నాలాగే అయిపోతోందని. పుట్టినరోజు భోజనం ఎప్పుడు నాన్నా అనడిగితే శనివారం అన్నాను. ఏళ్ల తరబడి రాసిన చెయ్యి, దాని దారిన అది రాసేసింది.

బ్యాంకాక్ చేరిన మర్నాడు శుక్రవారం. సాయంత్రం అయిదున్నరకి, రేపటికి మంచి హోటల్ చూసి పెట్టుకుందామని ఇద్దరం బయల్దేరాం. హోటల్ ఎంచుకోవడం మా ఇంట్లో సత్యవతి పని. ఆవిడ మెనూ చూసేది కాదు. తిన్నగా లోపలికెళ్లి చెయ్యి కడుక్కునే చోటు చూసేది. అది శుభ్రంగా ఉంటే వంటిల్లూ శుభ్రంగా ఉన్నట్టే అనేది. నాకు ఇంకో పద్ధతి తెలీదు కాబట్టి నేనూ అదే పట్టుకున్నాను. మొదటి హోటల్లో సింకు నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. రెండోదాన్లో సబ్బు లేదు.

మూడోది ఒక సందులో ఉంది, చిన్నది. ఫోన్లో వెతికి వచ్చింది కాదు, నడుస్తుంటే కనపడింది. ఆ సందులోకి మళ్లింది కూడా బస్సుకి అడ్డం తప్పుకుందామని. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మేం అక్కడికి వెళ్తామని మాకే తెలీదు.

నేను లోపలికెళ్లి సింకు చూశాను. తళతళలాడుతోంది. తిరిగొచ్చేసరికి టుంపా గల్లా దగ్గర కొయ్యబారి నిలబడి ఉంది. గల్లా వెనక ఒక పెద్దావిడ, హోటల్ ఆవిడదే, నవ్వుతూ నోటుపుస్తకంలో ఒక పేరు మీద వేలు పెట్టి అడుగుతోంది.

"టుంపా?"

టుంపా నా మోచెయ్యి పట్టుకుంది. "నాన్నా, నువ్వేటైనా సెప్పినావా? నేను నోరే ఇప్పనేదు."

పుస్తకంలో వాళ్ల లిపి. టుంపా ఫోన్‌లో అనువాదం చేసే యాప్ తెరిచి దాని మీద పెట్టింది. శుక్రవారం, ఆరు గంటలు, ముగ్గురు. పుట్టినరోజు. ఏసీ కింద వద్దు. తీపి భోజనానికి ముందు.

సత్యవతికి ఏసీ గాలి తగిలితే తల పట్టేసేది.

ముందుగా నాకు తోచింది మామూలు సంగతే. బ్యాంకాక్‌కి కలకత్తా నుంచి వచ్చేవాళ్లు కోకొల్లలు. టుంపా అన్న పేరు మా ఊళ్లో వీధికి ఇద్దరికి ఉంటుంది. ఇంకెవరో టుంపా అయ్యుంటుంది, మమ్మల్ని చూసి ఈవిడ పొరబడింది. అదే చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఫోన్‌లో తన భాషలో మాట్లాడి మాకు చూపించింది. పొద్దున తలుపు తియ్యగానే ఒకావిడ వచ్చిందట. ఒక్కతే. ముందు లోపలికెళ్లి చేతులు కడుక్కుందట. ఆ తర్వాతే టేబుల్ రాయించిందట. సాయంత్రం తండ్రీ కూతురూ వస్తారంది, తను కూడా వస్తానందో లేదో సరిగా అర్థం కాలేదట.

చెప్తూ చెప్తూ, చేతులు ఎలా కడుక్కుందో కూడా ఆవిడ చేసి చూపించింది. ఎందుకు చూపించిందో తెలీదు, వింతగా అనిపించి ఉంటుంది. చేతులు రెండూ మూడుసార్లు విదిలించి, తుడుచుకోకుండా, తడి అరచేతులు చెంపలకి ఆనించుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

ఇరవై రెండేళ్లు మా ఇంట్లో ఆ పని చూశాను. ఎండన పడి బడినుంచి రాగానే సత్యవతి అలాగే చేసేది. ఇంకెవరూ చెయ్యగా నేను చూడలేదు.

టుంపా ఫోన్‌లో వాళ్లమ్మ ఫొటో తీసి ఆవిడకి చూపించబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అవునన్నా తట్టుకోలేను, కాదన్నా తట్టుకోలేను. ఆ ఒక్క ఫొటో చూపించనిచ్చి ఉంటే ఏదో ఒకటి తేలిపోయేది. పిరికితనమే. కాదనను.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, శుక్రవారం అని.

ఏసీకి దూరంగా, గోడ పక్కన టేబుల్. మూడు కుర్చీలు, మూడు కంచాలు. మా కోసం కాని చోట కూర్చుంటున్నామేమోనని వాకిలి వైపే చూస్తూ ఉన్నాను. మేం లేచేదాకా ఆ టేబుల్ కోసం ఇంకెవరూ రాలేదు. ముందుగా మూడు గిన్నెలు వచ్చాయి. కొబ్బరిపాలలో ఉడికించిన బియ్యం, తియ్యగా, వేడిగా. పాయసం కాదు. కానీ బియ్యమే, తీపే.

టుంపా చెంచా ముట్టుకోలేదు. అప్పుడు చెప్పాను, ఆసుపత్రి గదిలో వాళ్లమ్మ అడిగిన మాట, నేనిచ్చిన మాట, మర్చిపోవడం, అంతా. తిడుతుందనుకున్నాను. గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. తింటూనే ఏడ్చింది. రెండు నెలల తర్వాత మొదటిసారి "అమ్మ" అంది. తన గిన్నె అయ్యాక మూడో కుర్చీ ముందున్న గిన్నె కూడా తీసుకుని, సగం నా గిన్నెలో వేసింది.

"తిను నాన్నా. అమ్మ నెక్కే గెలిసింది," అంది.

నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. తిన్నాను. తీపి తెలిసింది.

మర్నాటి పుట్టినరోజు వద్దు, ఇంక కేకు వద్దు అంది టుంపా. తీసుకోలేదు. ఆ సందులోకి మళ్లీ వెళ్లలేదు. ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోవడం తక్కువ. ఇంకో టుంపా ఉండొచ్చు, రాకుండా మానేసి ఉండొచ్చు, చెంపలకి తడి చేతులు ఆనించుకునే ఆడవాళ్లు లోకంలో ఇంకా ఉండొచ్చు. అవన్నీ ఒకే రోజు, నేను బస్సుకి తప్పుకుని మళ్లిన సందులోనే ఎలా కలిశాయో నాకు తెలీదు. ఇప్పటికీ లెక్క కుదరలేదు.

ఆఫీసు రిజిస్టర్‌లో నేను ఇవాళ్టికీ సున్నా గంటలకే తేదీ మారుస్తాను. ఈ ఏడు టుంపా పుట్టినరోజుకి మాత్రం సర్టిఫికెట్ తేదీకి ముందు రోజునే సెలవు చీటీ పెట్టాను. కారణం అన్న చోట ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. పాయసం నేనే వండాను. అడుగంటింది. వడ్డించే ముందు పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా, తడి అరచేతులు చెంపలకి ఆనించుకున్నాను. చల్లగా ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను.