రేకు, ముఖం: ఆత్రేయపురంలో రెండు కెమెరాలు

"ఆదివారం పొద్దున్నే నేనొస్తానోయ్. ఆ అగ్గిపెట్టెని మాత్రం బయటికి తియ్యకు." ఈ మాట నాకు ఇచ్చింది 1995 చలికాలంలో. అగ్గిపెట్టె అంటే నా జేబు కెమెరా. రీలు వేసి మీట నొక్కితే ఫ్లాష్‌తో సహా తక్కినదంతా అదే చూసుకునే రకం. మాట ఇచ్చినవాడు అమలాపురం కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పినవాడు, అప్పటికే కళాత్మక ఛాయాగ్రాహకుడిగా పేరు పడ్డ పెద్దమనిషి, మెడలో మూరెడు లెన్సు వేలాడకుండా పెళ్లి భోజనానికి కూడా వెళ్లనివాడు. మా ఆవిడ అన్నపూర్ణ ఆత్రేయపురం పుట్టింట్లో పూతరేకులు తీస్తుండగా ఒక్క ఫోటో తీయాలని నేను సరదా పడ్డాను. "ఆ చీకటి గదిలో, ఆ పొగలో నీ దాంట్లో ఏం పడుతుంది? రేకు మీద వెలుగు పట్టాలంటే దానికో పద్ధతుంది" అన్నాడు. నమ్మి, నా కెమెరాని అమలాపురంలో బీరువాలోనే వదిలి వెళ్లాను. ఆ ఆదివారం అన్నపూర్ణ పండగలకి దాచుకున్న వెంకటగిరి చీర కట్టుకుని కుండ ముందు కూర్చుంది. వీధిలో స్కూటరు చప్పుడైనప్పుడల్లా ముంగురులు సర్దుకుంది. మధ్యాహ్నానికి పిండి పులిసింది. అతను రాలేదు. తర్వాత అడిగినప్పుడల్లా "వెలుగు కుదరాలోయ్" అని వాయిదా వేశాడు. మరుసటి వానాకాలంలో అన్నపూర్ణ పోయింది. మా పెళ్లి ఫోటోలు ఏనాడో చెదలు తినేశాయి. గోడకి పెట్టడానికి ఇంకేమీ లేక, ఓటరు కార్డు మీది బొమ్మని స్టూడియోలో పెద్దది చేయించాం. ఆ నల్ల చుక్కల మధ్య నుంచి చూస్తున్న మనిషి ఎవరో నాకు తెలియదు. పద్నాలుగేళ్లుగా ఆవిడకే దండ వేస్తున్నాను.

ఇన్నాళ్లకి ఈ ప్రయాణం పెట్టుకోవడానికి కారణం మా మేనకోడలు కల్యాణి. హైదరాబాదు నుంచి వస్తూ కొత్తరకం కెమెరా ఒకటి తెచ్చింది. లెన్సు మార్చుకోవచ్చు, లోపల అద్దం మాత్రం ఉండదు. అందుకే మిర్రర్‌లెస్ అంటున్నారట. ధర నలభై వేలు దాటింది. నా దగ్గర ఏడు వేల లోపు కొన్న చిన్న డిజిటల్ కెమెరా ఉంది. చొక్కా జేబులో పడుతుంది, రెండు మామూలు బ్యాటరీలతో నడుస్తుంది. "రెండూ తీసుకెళ్లి పోల్చి రాయండి మావయ్యా, కొనేవాళ్లకి పనికొస్తుంది" అని, రాయడానికి ఈ బ్లాగు కూడా తనే తెరిచి ఇచ్చింది. ఇలాంటి పోలికలు నేను చాలా చదివాను. పూలకుండీనీ, పిల్లినీ, బల్ల మీది కాఫీ కప్పునీ తీసి, వంద రెట్లు పెద్దవి చేసి, మూలల్లో పదును తగ్గిందని పేజీలకి పేజీలు బాధపడే పండితులు రాసినవి. మనిషి ముఖం తీసి చూసినవాడు వాళ్లలో ఒక్కడూ కనపడలేదు. నాకు తేల్చుకోవలసింది ఒకటే. ఆ ఆదివారం నా అగ్గిపెట్టె నా దగ్గరుండి ఉంటే, ఆ గదిలో, ఆ పొగలో, అన్నపూర్ణ ముఖం పడేదా, పడేది కాదా? పడేది కాదని తేలితే అతని మీద నా కోపానికి అర్థం లేదు. పడేదని తేలితే ఆ లెక్క వేరు.

అమలాపురం నుంచి ఆత్రేయపురం వెళ్లాలంటే ముందు రావులపాలెం చేరాలి. కొత్తపేట మీదుగా ఆర్టీసీ బస్సులు తెల్లవారుజాము నుంచీ ఉన్నాయి. టిక్కెట్టు ఇరవై రూపాయల లోపు, గంటకి పైగా ప్రయాణం. నేను ఆరున్నర బస్సెక్కాను. వాయుగుండం పట్టి రెండు రోజులుగా ముసురు. కిటికీ అద్దాల మీద నీళ్లు, దారి పొడవునా తడిసి నల్లబడ్డ కొబ్బరి మొవ్వులు, చేలల్లో పడిపోయిన వరి. ఈ దారిని పచ్చని తివాచీ అని వర్ణించేవాళ్లు నవంబరులో ముసురు పట్టిన రోజున ఒకసారి రావాలి. రావులపాలెంలో దిగి అరటి మార్కెట్లో రెండు కెమెరాలతోనూ పది పన్నెండు ఫోటోలు తీశాను. లారీల్లోకి గెలలు ఎక్కిస్తున్న మనుషులు, తడి రోడ్డు, బోలెడంత పగటి వెలుగు. కెమెరాల వెనక ఉన్న తెరల మీద చూస్తే రెండింటికీ నాకు పెద్ద తేడా కనపడలేదు. కల్యాణి తేడా ఉందంటుంది. ఉండవచ్చు. పగలు, ఆరుబయట తీసేవాళ్లు ఆ తేడా కోసం ముప్పై వేలు అదనంగా పెట్టనక్కరలేదని మాత్రం చెప్పగలను. బరువు తేడా అయితే నా మెడకి వెంటనే తెలిసింది.

రావులపాలెం నుంచి ఆత్రేయపురానికి షేరు ఆటోలుంటాయి. మనిషికి పది రూపాయలు, కానీ నిండే దాకా కదలవు. వానకి జనం లేక నేనొక్కణ్నే బేరం చేసుకుని ఎక్కాను. డ్రైవరు నా మెడలోని కెమెరాని అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"ఏ ఛానలండి?"

"ఏ ఛానలూ కాదు. మా మరదలి ఇంటికి వెళ్తున్నాను."

"మరదలి గారింటికి ఇంత కెమెరా ఎందుకండి? పెళ్లాండి?"

"కాదయ్యా. రేకులు తీస్తుంటే ఫోటో తీద్దామని."

"ఆయ్. అందరూ రేకులే తీత్తారండి. మొన్నొకాయన హైద్రాబాదునుంచి వచ్చేరు, పొద్దున్నించి సాయంత్రం దాకా మా పిన్నిగారింట్లో తీసేరు. పేపర్లో పడిందండి. మా పిన్ని చెయ్యి పడింది. గాజులు చూసి గుర్తుపట్టేమండి."

"ముఖం?"

"లేదండి. అడిగితే, ఆర్టు అన్నారటండి."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా మరదలు సుభద్ర, అన్నపూర్ణకి చెల్లెలు. ఇద్దరికీ ఒకే నుదురు, ఒకే చుబుకం, పనిలో ఉన్నప్పుడు కింది పెదవి లోపలికి పెట్టుకునే అలవాటూ ఒకటే. అన్నపూర్ణ బతికి ఉంటే దాదాపు ఇలాగే ఉండేదని చూసినప్పుడల్లా అనిపిస్తుంది కాబట్టి, ఆ ఇంటికి వెళ్లడం బాగా తగ్గించాను. గుమ్మంలోనే నా భుజాన ఉన్న సంచీ చూసి మూతి విరిచింది.

"వచ్చేరా బావగారూ! ముసురులో బయల్దేరితే ఏదో పెద్ద పనే అనుకున్నాను. ఫోటోలాండీ?"

"ఒకటి రెండు. నీకు అభ్యంతరం లేకపోతేనే."

"నాకేం అభ్యంతరమండి. అక్కకి లేని భోగం నాకు పట్టింది. మీ ఇంట్లో గోడ మీదున్నావిడ మాత్రం అక్క కాదండోయ్, ఎప్పటినుంచో చెబుదామనుకుంటున్నాను. దండం పెట్టాలంటే మొహమాటంగా ఉంటుంది, ఎవరింటి మనిషో అని."

ఆమె కాఫీ ఇచ్చి, నన్ను వెనక వసారాని ఆనుకుని ఉన్న గదిలోకి తీసుకెళ్లింది.

పూతరేకుల గది చూడనివాళ్ల కోసం చెబుతాను. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఒక్క లాగు లాగితే, కళ్లు మూసి తెరిచేలోగా పొరలా రేకు కడుతుంది. అంచు పట్టుకుని లేపి పక్కన దొంతిలో వేస్తారు. గాలి తగిలితే రేకు నిలవదు. అందుకని తలుపూ కిటికీ మూసే ఉంచుతారు, ఫ్యాను ఉండదు, వెలుగంతా మంటదీ, పైకప్పులో ఒక గాజు పెంకుదీ. ఇదంతా నేను నలభై ఏళ్లుగా ఎరిగినదే. అయినా కొత్త కెమెరా చేతిలో ఉన్నవాడికి వెలుగు మీద ఆశ పుడుతుంది. సుభద్ర పిండి కలుపుతుంటే నేను కిటికీ తలుపు ఒకటి జానెడు తెరిచాను.

"తియ్యకండి బావగారూ!"

అప్పటికే ముసురుగాలి లోపలికి కొట్టింది. పొద్దున్నించి తీసిన దొంతిలో పై రేకులన్నీ లేచి గది నిండా ఎగిరాయి. ఒకటి వచ్చి నలభై వేల కెమెరా లెన్సు మీద అతుక్కుంది. సుభద్ర ముందు నెత్తి కొట్టుకుంది, తర్వాత పకపకా నవ్వింది.

"తిననివ్వండి. పంచదార వెయ్యమంటారా దానికి?"

లెన్సు తుడుచుకుని, కిటికీ మూసి, మొదట మిర్రర్‌లెస్ తీశాను. దాని లెన్సు చాలా వెలుగు లోపలికి తీసుకుంటుంది, ఫ్లాష్ అక్కర్లేదు. సుభద్ర రేకు లేపిన క్షణాన నొక్కాను. తెర మీద చూసి నేనే నమ్మలేకపోయాను. రేకు వెనక మంట. ఆ మంట వెలుగు రేకులోంచి ఇవతలికి వస్తోంది. గుడ్డ నేత జాడలు దాని మీద సన్నటి చారలుగా కనిపిస్తున్నాయి. పొగ కూడా అందంగా పడింది. ఇంత చీకట్లో ఇలాంటి బొమ్మ తీయగల యంత్రాన్ని నేను నా జన్మలో పట్టుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. సుభద్ర చేతులు చీరకి తుడుచుకుని వచ్చి చూసింది.

"అబ్బ! రేకు ఎంత బావుందండీ! సిల్కు గుడ్డలా ఉంది." ఇంకా దగ్గరికి వంగింది. "మరి నేనెక్కడండీ?"

ఆమె రేకు వెనక ఉంది. కెమెరా తనకి దగ్గరగా ఉన్న దాన్ని ఎంచుకుని పదును, అంటే ఫోకస్, పెట్టింది. వెనకున్న ముఖం పసుపు మరకలా కరిగిపోయింది. లెన్సు పూర్తిగా తెరిచి దగ్గర నుంచి తీస్తే ఇలాగే అవుతుంది. ముఖం మీద పదును పెట్టవచ్చు, చేతనైనవాళ్లు పెడతారు. ఆ మీట ఎక్కడుందో వెతుక్కునేసరికి రేకు దొంతిలో పడుతోంది. నాలుగుసార్లు ప్రయత్నించాను. నాలుగుసార్లూ రేకే.

తర్వాత జేబులోంచి చిన్నది తీశాను. ఫ్లాష్ లేకుండా తీస్తే అంతా ఆవాలు చల్లినట్టు మచ్చలు. ఆనాడు అతను అన్నది నిజమేనేమో అనిపించింది. ఫ్లాష్ పెట్టి మళ్లీ తీశాను. గది వెనక భాగం నల్లగా పోయింది. మంట లేదు, పొగ లేదు. రేకు తెల్లటి కాగితం ముక్కలా వెలిసిపోయింది. కళ గురించి మాట్లాడేవాళ్లు చూస్తే వెంటనే తుడిపేస్తారు. కానీ ముఖం ఉంది. నుదుటి మీద చెమట, చెంప మీద బూడిద, లోపలికి పెట్టుకున్న కింది పెదవి. కనుబొమల మధ్య గీత కూడా ఉంది.

సుభద్ర చాలాసేపు చూసింది. ఈసారి హాస్యం ఆడలేదు.

"అక్కలా ఉన్నాను కదండీ," అంది.

"ఆ," అన్నాను.

"అయితే ఆ వేళ మీ కెమెరా తెచ్చి ఉంటే పడేదన్నమాట. పొద్దున్నించీ అలాగే కూర్చుందండి పాపం. నేను అన్నం తినమంటే, చెయ్యి ఎంగిలవుతుంది, వాళ్లు వచ్చేస్తారేమోనే అంది."

ఆ మాట నాకు ఇన్నేళ్లూ తెలియదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరాను. తిరుగు బస్సులో అమలాపురం దాకా టిక్కెట్టు తీసుకున్నాను కానీ, కొత్తపేటలో దిగిపోయాను. నాకు ఆ మాట ఇచ్చినవాడు రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకున్నాడని విన్నాను. అడిగితే ఎవరైనా చూపిస్తారు, అంత పేరు. హాలు నిండా పటాలు కట్టిన ఫోటోలు: గోదావరి మీద పొద్దు, తెరచాప, ఇసుకలో కాళ్ల గుర్తులు. మనిషి ముఖం కోసం నాలుగు గోడలూ చూశాను. ఒక్కటీ లేదు. అతను నన్ను చూసి నిజంగానే సంతోషించాడు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"ఎన్నాళ్లకోయ్! ఇదేమిటి, మిర్రర్‌లెస్సే! నువ్వు కొన్నావా?"

రేకు ఫోటో చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి, తెరని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

"ఆహా! ఇది కదా నేను చెప్పింది! చూడు ఆ వెలుగు!"

చిన్న కెమెరాలో రెండోది చూపించాను. అతని ముఖం ముడుచుకుంది.

"ఇదెందుకు తీశావు? ఫ్లాష్ కొట్టి చంపేశావు. తీసెయ్యి, తీసెయ్యి."

"ఆమె ముఖం బాగా పడింది."

"ముఖం ఎవరిదైతే ఏమిటోయ్! అక్కడ విషయం రేకు."

"ఒక ఆదివారం ఆత్రేయపురం వస్తానన్నావు. మా ఆవిడ ఫోటో తీస్తానని."

అతను నిజాయితీగానే ఆలోచించాడు. అబద్ధం ఆడినా నాకు కొంత నయంగా ఉండేది.

"ఏ ఆదివారం?" అన్నాడు.

అతను ఇచ్చిన కాఫీ తాగకుండానే వచ్చేశాను. బస్టాండులో వాన పెరిగింది. పోలిక రాయమన్నారు కాబట్టి, తేలింది చెబుతున్నాను. చీకట్లో తీయడానికీ, లోతు చూపించడానికీ, పత్రికలో అచ్చు వేయించుకోవడానికీ మిర్రర్‌లెస్ ఎన్నో రెట్లు గొప్పది. అందులో వాదన లేదు, అతను చెప్పిన పద్ధతీ నిజమే. కానీ ఇంట్లో గోడకి కావలసింది పద్ధతి కాదు. మనిషి పోయాక ఆ ముఖం మీద వెలుగు ఏ వైపు నుంచి పడిందని ఎవరూ చూసుకోరు. కనుబొమల మధ్య గీత ఉందా లేదా అని చూసుకుంటారు. సుభద్ర ఫోటోని గోడకి పెట్టుకోలేను, ఆమె బతికుంది, నూరేళ్లు ఉండాలి. చుక్కల ఆవిడకే రేపూ దండ వేస్తాను.

ఆత్రేయపురం వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. రేకులు తీసే గదిలో తలుపూ కిటికీ జోలికి పోకండి. జేబులో ఏ కెమెరా ఉంటే దానితోనే, ఫ్లాష్ వేసి, ముందు మనిషి ముఖం తీయండి. రేకు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంతకంటే మంచి కెమెరాతో వచ్చి నేను తీస్తాను, అంతదాకా ఆగు అని ఎవరైనా అంటే, సరేనని తల ఊపి, వాళ్లు వెనక్కి తిరగ్గానే మీట నొక్కండి. నేను నొక్కలేదు. నన్ను ఆగమన్నవాడు విశ్వేశ్వరరావు.