గీత పక్కన బొండాం

మా డ్రిల్లు మాస్టారు పోయారని ఈ నెల మొదట్లో ఒక పొద్దున్న మా అమ్మాయి ఫోను చూసి చెప్పింది. పప్పు గరిటె పక్కన పెట్టి పొయ్యి ఆపేశాను. ఆయన నాకు పాఠం చెప్పిన గురువు కాదు, మా అమ్మాయికి ఖోఖో నేర్పిన మనిషి. అయినా నాకే ఎక్కువ నేర్పారు.

మామిడికుదురులో ఆయన్ని ఎరగని తల్లిదండ్రులు లేరు. రిటైరయ్యాక కూడా ఆటలున్న రోజు తన కొబ్బరిచెట్ల బొండాలు గోనెసంచిలో వేసుకుని సైకిలు మీద మైదానానికి వచ్చేవారు. అవి పిల్లలకని కొత్తవాళ్లు అనుకునేవారు. కాదు, పెద్దలకి. గీత పక్కన నిలబడి అంపైర్ని తిట్టేవాళ్లకీ, సొంత పిల్లల్నే దద్దమ్మలనేవాళ్లకీ ఒక బొండాం కొట్టి, రెండు చేతులతో అందించేవారు. "గొంతెండిపోయుంటుందండి, తాగండి," అనేవారు, అంతే. తలెత్తి తాగుతూ ఎవరూ అరవలేరు కదా. ఆ బొండాం అందుకోవడం మా ఊళ్లో పెద్ద నామోషీ. బొండాం తాగేరటగా అని వారం రోజులు ఆటపట్టించేవారు.

నేనూ తాగాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు సంగతి మా వీధికంతా తెలుసు. రెండేళ్ల క్రితం రాజోలు పిల్లలతో ఆట. అవతలి జట్టులో ఒక బక్కపిల్ల కాలు జారి పడి, మోకాలు చెక్కుకుపోతే నేను చప్పట్లు కొట్టాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది. తర్వాత మా అమ్మాయి పరిగెత్తే వంతు వచ్చింది. ఇటు కాదే, అటు అని కేకలేస్తూనే ఉన్నాను. అది ఆగి నా వైపు చూసింది, అప్పుడే దొరికిపోయింది. దద్దమ్మా అన్నాను, అందరి ముందూ.

మాస్టారు బొండాం తెచ్చి నా చేతిలో పెట్టారు. తాగడం అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు.

"మీ అమ్మాయికి కాళ్లు బాగా ఆడతాయమ్మా. కళ్లే మీ దగ్గరుండిపోయేయండి," అన్నారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఇక ఆడనంది. వారం రోజులు బూట్లు ముట్టుకోలేదు. ఏం చెయ్యమంటారని వెళ్లి మాస్టార్ని అడిగాను.

"ఏం చెయ్యకండమ్మా. వచ్చి ఊరికే కూర్చోండి. అదే కష్టమండి," అని నవ్వేరు.

నిజంగానే కష్టం. ఆయన పక్కన కుర్చీలో పెదవి కొరుక్కుంటూ ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో. అమ్మాయి మళ్లీ ఆటకి వచ్చింది. కానీ పరిగెత్తే ముందు నా మొహం చూడడం మానలేదు. కాస్త ఓపిక పట్టండమ్మా అనేవారు మాస్టారు. ఆయనకి నేను ఏనాడూ కృతజ్ఞత చెప్పుకోలేదు. నోరు విప్పితే మళ్లీ బొండాం ఇస్తారేమోనని భయం.

మొన్న ఆదివారం ఆయన లేకుండా మొదటి ఆట. ఒకాయన వాళ్ల పిల్లని నానా మాటలూ అంటున్నాడు. అందరూ మాస్టారి ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నారు. నేను ఇంటి నుంచి తెచ్చిన బొండాం కొట్టి, తీసుకెళ్లి రెండు చేతులతో ఇచ్చాను.

"నేనూ తాగేనండి," అన్నాను.

ఆయన అందుకుని, తలెత్తి తాగడం మొదలుపెట్టాడు. మైదానంలో పిల్లల కాళ్ల చప్పుడు వినపడింది. మా అమ్మాయి లేచి పరుగందుకుంది. ఆ రోజు ఆట అయ్యేదాకా అది ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.