టైగర్ తుంటి, మావయ్య చెవి

టెలిఫోన్‌ని సున్నిపిండితో రుద్ది కడిగిన ఇల్లు గుంటూరు మొత్తంలో మాదొక్కటే అయ్యుంటుంది. అది ఎందుకు కడగాల్సొచ్చిందో చెబుతాను. ముందే హెచ్చరిస్తున్నాను: ఈ కథలో ఒక కుక్కకి, ఒక చెవికి, నా పరువుకి దెబ్బలు తగులుతాయి. కుక్కా చెవీ కోలుకున్నాయి.

అప్పుడే బి.ఏ. పరీక్షలు రాసి మద్రాసు నుంచి మావయ్య ఇంటికొచ్చాను. నా పేరు శాంత. ఆ పేరు పెట్టినవాళ్ళు నన్ను బారసాల నాడు చూశారంతే, ఆ తర్వాత చూడలేదు. మావయ్యది మిరపకాయల కమిషన్ వ్యాపారం. ముందు గది కొట్టు, వెనక అంతా ఇల్లు, ఆ వెనక మిరపకాయలు ఆరబోసిన పెద్ద దొడ్డి. కొట్లో నల్లటి టెలిఫోను. ఫోను మావయ్యదే గానీ రిసీవరు నాది. పొద్దున కాఫీ దగ్గర్నుంచి అది నా చేతిలోనే ఉండేది. ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరమ్మాయి నంబరు అడగడం కూడా మానేసింది. "మళ్ళీ పశువుల డాక్టరు గారికేనా అండీ?" అనేది.

మళ్ళీ ఆయనకే. ఎందుకంటే నాతో పాటు రైలు దిగినవాడు టైగర్. ఇంకా ఏడాది నిండని అల్సేషన్. ముందు నుంచి చూస్తే సింహం. వెనక నుంచి చూస్తే చీల ఊడిన బండి. పరిగెత్తబోతే వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేల్లా గెంతేవాడు. పడుకుని లేవాలంటే ముసలాయన కుర్చీలోంచి లేచినట్టు ముందు ఒక నిట్టూర్పు, తర్వాత ఒక ప్రయత్నం. మావయ్య ఇంట్లో నాపరాళ్ళ నేల అద్దంలా ఉంటుంది. దాని మీద వాడి కాళ్ళు చెరోవైపుకీ జారిపోయేవి. మద్రాసులో ఎక్స్‌రే తీయించాం. తుంటి గిన్నె లోతు తక్కువ, అందులో ఎముక గుండు సరిగ్గా కూర్చోదు, పుట్టుకతో వచ్చిన లోపం అన్నారు.

గుంటూరు డాక్టరు గారు ఫోన్లో నెమ్మదిగా చెప్పారు. "నొప్పికి మందిస్తానమ్మా. జబ్బుకి మందు లేదు. లావెక్కనివ్వకు. దూకనివ్వకు. నున్నటి నేల మీద తిరగనివ్వకు. రోజూ కాసేపు మెల్లగా నడిపించు. గోరువెచ్చటి నూనెతో తొడలు నిమురు, హాయిగా ఉంటుంది."

"ఎన్నాళ్ళండీ?"

"జీవితాంతం."

"జీవితాంతమా! నయం చెయ్యలేకపోతే చెయ్యలేనని చెప్పండి!"

"అదేగా చెప్పాను. ఇంకో మాట. లేవలేక, తిండి కూడా మానేసే రోజొస్తే దాచకుండా చెప్పు. బాధ లేకుండా పంపించేద్దాం."

రిసీవరు దభీమని పెట్టేశాను. మళ్ళీ ఎత్తగానే ఆపరేటరమ్మాయి, "ఈసారి కొంచెం చిన్నగా పెట్టండి శాంత గారూ, నా చెవి గుయ్యిమంటోంది" అంది.

పంపించేద్దాం. ఆ మాట నన్ను వదల్లేదు. టైగర్ నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంటే, వాడు లేస్తాడో లేవడోనని కాలు కదపకుండా కూర్చునేదాన్ని. వాణ్ణి నయం చేసి ఆ డాక్టరు ముందు నిలబెడతానని శపథం చేశాను.

ఒక మధ్యాహ్నం దొడ్లో ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, పట్నం పిల్లలకీ పని వచ్చని నిరూపిస్తున్నాను. అత్తయ్య వచ్చి, "చాల్లే లేవే, నీకలవాటు లేదు. లేచాక చేతులు ముందు..." అంది.

"తెలుసత్తయ్యా, కడుక్కోవాలి! నేనేమన్నా పసిపిల్లనా?"

ఆ వాక్యాన్ని పూర్తి చేయనిచ్చి ఉంటే మీరిప్పుడు ఇది చదువుతూ ఉండేవాళ్ళు కాదు.

చెంబుడు నీళ్ళు చేతుల మీద గుమ్మరించుకున్నాను. నువ్వుల నూనె వెచ్చచేసుకుని వరండాలో టైగర్ పక్కన చేరాను. తుంటి, తొడలు, తొడల లోపలి పల్చటి చర్మం, ఏదీ వదల్లేదు. వాడు కళ్ళు మూసుకున్నాడు. నేను డాక్టరు గారిని తిట్టుకుంటూ ఇంకా బాగా రుద్దాను. టైగర్ ఒక కన్ను తెరిచాడు. రెండోదీ తెరిచాడు. నా వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత వాడు ఎగిరాడు. మెట్లు దాటాడు, బస్తాలు దాటాడు, దొడ్లో ఆడవాళ్ళ మధ్యలోంచి ఎర్రటి దుమ్ము లేపుకుంటూ దూసుకెళ్ళి, అడ్డంగా ఉన్న పిట్టగోడ దూకి, గేదెల నీళ్ళతొట్టిలో కూలబడ్డాడు.

నేను ఫోను దగ్గరికి దూకాను.

"డాక్టరు గారూ! మీ జీవితాంతం అయిపోయింది! టైగర్ పరిగెత్తాడు, గోడ దూకాడు!"

"దూకాడా? దూకనిచ్చావా? ఏం రాశావమ్మా?"

"మామూలు నూనేనండీ. అదంతా నా చేతి మహిమ!"

ఇంతలో కుడి చెవి కాలిపోవడం మొదలుపెట్టింది. కోపమొస్తే నా చెవులు వేడెక్కడం మామూలే కదా అనుకుని రిసీవరు ఎడమ చెవికి మార్చాను. అదీ అంటుకుంది. ఈయన మీద ఇంత కోపముందా నాకు అని నేనే ఆశ్చర్యపోయాను.

డాక్టరు గారు పెట్టేశాక ఆపరేటరమ్మాయి మెల్లగా అంది. "విన్నానండీ, ఏమనుకోకండి. నల్లపాడులో మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కాస్త మీ చెయ్యి వేస్తారా?"

"పంపించండి," అన్నాను, మఠాధిపతిలా.

కాసేపటికి ఫోను మోగింది. అప్పుడే వచ్చిన మావయ్య ఎత్తాడు. "హలో... ఎవరమ్మని? జట్కా ఎక్కించావా? ఎందుకూ?... అబ్బ! ఓరి నాయనో! ఈ ఫోన్లో కరెంటు వస్తోందే!" చెవి పట్టుకున్నాడు. అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు రాయను.

అత్తయ్య రిసీవరు వాసన చూసింది. నా చేతుల వైపు చూసింది.

"దేంతో కడిగావే?"

"నీళ్ళతో."

"నీళ్ళకి పోతుందటే కారం? ముందు నూనె రాసుకుని తుడుచుకోవాలి. నూనెకైతేనే ఊడొస్తుంది. ఆ మాటే చెప్పబోయాను, విన్నావా?"

నూనెకైతే ఊడొస్తుంది. ఇద్దరం దొడ్డి వైపు చూశాం. టైగర్ తొట్లో మెడ దాకా మునిగి, గేదె ఎంత తోసినా కదలకుండా కూర్చున్నాడు.

నల్లపాడు నుంచి జట్కా దిగిన ఆపరేటరమ్మాయి వాళ్ళమ్మకి సిగ్గుతో చచ్చిపోతూ నిజం చెప్పాను. ఆవిడ చీర మోకాళ్ళ దాకా ఎత్తి, "కారమైతే ఏమైందమ్మా? లేవలేనివాడు గోడ దూకాడన్నారుగా. రాయి!" అంది.

మావయ్య తప్ప అందరూ నవ్వారు. మర్నాడు ఎవరూ నవ్వలేదు. టైగర్ లేవలేదు. పాలు ముట్టలేదు. నేను దగ్గరికెళితే నా చేతుల వైపు చూసి ముడుచుకున్నాడు.

డాక్టరు గారొచ్చి తుంటి మీద మెల్లగా చెయ్యి వేశారు. "భయానికి దూకాడు. కీలు వాచింది."

"పంపించెయ్యాలాండీ?" నా గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"వాపు తగ్గనిద్దాం. తొందర నీకే గాని వాడికి లేదమ్మా."

ఆ మాటకి మాత్రం నాకు కోపం రాలేదు. అన్నాళ్ళూ నేను పోట్లాడింది డాక్టరుతో కాదు, జీవితాంతం అనే మాటతో. దాన్ని ఒక్క మధ్యాహ్నంలో ముగించాలనుకున్నాను. దాని ఖరీదు వాడు చెల్లించాడు.

మావయ్య ఎర్రటి చెవితోనే కొట్లో గోనెసంచులు తెచ్చి ఇల్లంతా పరిపించాడు. అత్తయ్య కొత్త పత్తితో పరుపు కుట్టించింది. నేను పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక పొద్దున వాడు నిట్టూర్చి, ప్రయత్నించి, గోనెల మీద కాళ్ళు ఆనించి లేచాడు. పాలగిన్నె దాకా నడిచాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఏళ్ళు గడిచాయి, ఇద్దరం ఇక్కడే ఉండిపోయాం. ఇప్పుడు టైగర్ మూతి నెరిసింది. ఇంకా ఊగుతూనే నడుస్తాడు. నేనూ వాడి నడకే నడుస్తాను. అంత మెల్లగా నడిచే మనిషికి కోపం నిలవదని తెలిసింది. నూనె రాయబోతే మాత్రం ముందు నా రెండు చేతులూ వాసన చూసి, ఒకటికి రెండుసార్లు ఆలోచించి, అప్పుడు గానీ తుంటి అప్పగించడు.

కాబట్టి నల్లటి ఆ టెలిఫోను మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట అత్తయ్య వాక్యం ముగిసేదాకా నోరు తెరవను, ఏ ప్రాణికీ మహిమలు చేయను. ఈ ప్రమాణం డాక్టరు గారికి వినిపిద్దామని నిన్న రిసీవరు ఎత్తాను.

"కలుపుతానండీ," అంది ఆపరేటరమ్మాయి. "చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నాను."

"అయ్యో. మా అమ్మ ఆ కారం చెయ్యి కోసం ఇంకా ఎదురుచూస్తోందండీ."