తమ్ముడి కారు చప్పుడు

మా తమ్ముడు పోయిన తరువాత అతడి ఎర్రకారు నా పాలబడింది. ఇద్దరికే చోటు, గుడ్డ పైకప్పు, నేలను రాచుకొనే పొట్ట, కొన్ననాటికే పాతది. పందెపు పరుగులకోసం పుట్టిన ఆ బండిని తిరుపతి వీధులలో ఆటోల వెనుక నడిపించడం గుర్రాన్ని గానుగకు కట్టినట్లుండేది. జీవితమంతా ప్రబంధాలు పాఠం చెప్పిన నాకు దానితో పనేమున్నది? వదిలించుకొందామనే అనుకొన్నాను. అంతలో కార్వేటినగరంనుంచి మా అక్క మాట వచ్చిపడింది.

అక్కకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. తిరుపతిలో శస్త్రచికిత్సకు అంతా సిద్ధం. ఆమె మాత్రం కదలదు. తన కారులో తానే తీసుకొనిపోతానని తమ్ముడు ఎప్పుడో మాట ఇచ్చాడట. "వాని బండి తెస్తే వస్తా. ఇంకే బండీ ఎక్కేదిల్యా" అని ఫోను పెట్టేసింది. ఇంకా ముదరనిస్తే చికిత్స కష్టమవుతుందని వైద్యుడు నన్ను హెచ్చరించాడు.

కారేమో వేడెక్కగానే ఆగిపోయేది. చల్లబడేదాకా పలికేది కాదు. రేణిగుంట రోడ్డులోని మేస్త్రీ చూసి, దోషం కార్బురేటరుదన్నాడు. మద్రాసునుంచి సామాను రావాలన్నాడు. ఒకనాడు అడిగితే అది నగరి దాటిందన్నాడు. మరునాడు అడిగితే ఇంకా తిరుత్తణిలోనే ఉన్నదన్నాడు. ముందుకు రావలసిన వస్తువు వెనుకకెట్లా నడిచిందో నాకిప్పటికీ అంతుబట్టలేదు. ఎట్లో వచ్చింది, బిగించాడు. పరీక్షకని చిత్తూరు దారి పట్టిస్తే, కారు చంద్రగిరి దాటకుండానే ఆగింది.

దానిని తాడు కట్టించి చిత్తూరుకు లాగించాను. అక్కడి మేస్త్రీ మొదటివాని సిద్ధాంతాన్ని కాసేపు ఖండించి, దోషం పెట్రోలు పంపుదని తేల్చాడు. పంపు మార్చినా కారు ఆగింది. అప్పుడు పెట్రోలు మంచిది కాదన్నాడు, ఆపైన ఎండలు మంచివి కావన్నాడు, చివరకు కారును బయటికి నెట్టించి, షెడ్డుకు తాళం వేసి బంధువుల పెళ్లికి వెళ్లిపోయాడు.

గత్యంతరం లేక మొదటివాని దగ్గరికే చేరాను. అతడు మూత ఎత్తి, లోపలికి వంగి, నాలుక చప్పరించాడు.

"ఏ మహానుభావుడు చేసినాడు అయివోరా ఈ పని? ఈ తీగె ఈడ కట్టొచ్చునా?"

"నువ్వే కదప్పా కట్టింది" అన్నాను.

అతడు మరొకసారి వంగి చూశాడు. "నేనా? నేను కట్టినానంటే ఏందో కారణం ఉండే కట్టింటా" అని, విప్పిన తీగెను మళ్లీ అక్కడే చుట్టాడు. పరమతాన్ని ఖండించే వ్యాఖ్యాతలను ఎందరినో చదివాను. తన మతాన్ని తానే ఖండించి, ఆ ఊపిరిలోనే నిలబెట్టినవానిని అక్కడే చూశాను.

కొన్నాళ్లకు మేస్త్రీనుంచి కబురు వచ్చింది. చంద్రగిరిదాకా పోయి వచ్చినా కారు ఆగలేదట. ఏం చేశావని అడిగితే, ఏమీ చేయలేదనీ, చప్పుడు మాత్రం ఆపాననీ అన్నాడు. సైలెన్సరును పట్టి ఉంచే కొక్కెం ఎప్పుడో ఊడిపోయిందట. పెద్దమనిషి బండికి ఆ చప్పుడు నామర్దా అని కొత్తది బిగించాడట. చప్పుడు గురించి నేను ఏనాడూ మొరపెట్టలేదు. చెప్పుకొన్న రోగం మందు లేకుండా పోయింది. చెప్పని దానికి చికిత్స జరిగింది. అడిగినకొద్దీ నా అయోమయమే పెరుగుతుందని తెలిసి, అక్కకోసం బయలుదేరాను.

కార్వేటినగరంలో అక్క సంచి సర్దుకొని అరుగుమీద కూర్చొని ఉన్నది. కారు అరుగు ముందుకు వచ్చి ఆగినా లేవలేదు.

"ఎవురి బండి ఇది?"

"తమ్ముడిదే అక్కా."

"వాని బండయితే మలుపులోనే తెలుస్తాది. గిన్నెలు దొర్లినట్ల సద్దు. నా కండ్లు కనపడవని యాడిదో తెచ్చినావా?"

ఆమె చేయి పట్టి కారు మూతమీద పెట్టించాను. ఇనుము ఏ బండిదైనా ఇనుమే అన్నది. మేస్త్రీ చేసినదంతా వివరించబోయి నేనే తడబడ్డాను. కార్బురేటరు మారింది, పంపు మారింది, ఇప్పుడు గొంతూ మారింది. ఇది వాడి బండే అని ఏ లక్షణం చూపి నిరూపించను? అక్క సంచి లోపలికి తీసుకొనిపోతానన్నది.

చేసేది లేక బండి తిప్పుకొన్నాను. ఆ ఇరుకు వీధిలో వెనుకకూ ముందుకూ ఆడిస్తుండగా, వాకిట పాతిన రాయికి కారు పొట్ట గీసుకొన్నది. ఏదో తెగిన చప్పుడు. మేస్త్రీ కొక్కెం ఊడి దుమ్ములో పడింది. ఆ వెంటనే వీధి పొడవునా గిన్నెలు దొర్లాయి.

అక్క లేచి నిలబడింది. "అదీ" అన్నది నెమ్మదిగా. "ఉండు, వస్తా."

ఆ పల్లపు సీటులోకి ఆమెను దించేసరికి నా నడుము పట్టేసింది. దారిపొడవునా ఆమె తల ఒక పక్కకు వంచి వింటూనే ఉన్నది. కొక్కెం బిగించినందుకు ఆ మేస్త్రీకి మొక్కాలో, అది నిలవనందుకు మొక్కాలో తేల్చుకోలేక పుత్తూరు దాటాను, రేణిగుంట దాటాను.

చప్పుడు దూరంనుంచే విన్నాడు కాబోలు, మేస్త్రీ షెడ్డు విడిచి రోడ్డు అంచుదాకా వచ్చి, ఆపమని రెండు చేతులూ ఊపాడు. ఎవరని అక్క అడిగింది. ఎవరో లిఫ్టు అడుగుతున్నారని చెప్పి, ఆసుపత్రిదాకా ఆపకుండా పోనిచ్చాను.