పిట్ట ముందు ఒప్పుకున్న ఎనిమిది పాటలు

పిట్ట దిగడం లేదు.

శామీర్‌పేట చెరువు కట్ట కింద, విస్తరాకులో పెట్టిన అన్నం ముద్ద ఎండకు పైపైన ఆరిపోతోంది. పక్కనే బంగాళాదుంప వేపుడు, రెండు గారెలు, గాజు గ్లాసులో టీ. అన్నీ బుల్లిబాబుకు ఇష్టమైనవే. ఆయన పోయి ఆ రోజుకు పది రోజులు. గోదావరి వైపు నుంచి వచ్చిన చుట్టాలు, జీడిమెట్ల కంపెనీ వాళ్లు, అంతా కలిసి ఓ పాతిక మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈ పక్క ఇప్పుడు కాకుల్ని వెతుక్కోవలసి వస్తోంది. ప్లాట్లు చేసేవాళ్లు ముందు చెట్లు కొట్టేస్తారు, ఆ తరవాత వెంచర్‌కు ఏదో ఒక చెట్టు పేరే పెడతారు. బోర్డు చదవడం రాని కాకి ఎటో ఎగిరిపోతుంది. ఎలాగో దొరికిన ఆ ఒక్క కాకీ అలాంటి బోర్డు మీదే కూర్చుని, మొహం అటు తిప్పుకుంది.

పోయినవాడికి కోరిక ఏదైనా మిగిలిపోతే పిట్ట ముట్టదని గోదావరి దగ్గరా అనుకుంటారు, ఇక్కడా అనుకుంటారు. ఆ కోరిక తీరుస్తామని బతికున్నవాళ్లు పైకి ఒప్పుకోవాలి.

“తమ్ముడూ, అమ్మాయి చదువు గురించి బెంగపడకురా. నేనున్నానుగా” అన్నాడు బుల్లిబాబు అన్న పట్టాభిరామయ్య.

కాకి కదల్లేదు.

“నేను వేళకి తింటానండీ. బీపీ మాత్రలు కూడా వేసుకుంటాను” అంది భార్య లలితకుమారి.

కాకి రెక్క కింద ముక్కుతో గోక్కుంది.

వెనక వరసలో ఉన్న కంపెనీ వాళ్లలోంచి లింగం ముందుకు రావడం ఎవరూ గమనించలేదు. వచ్చి, బోర్డు వైపు తలెత్తి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

“మన పాటల ముచ్చటనా సారూ? జేస్త. ఎనిమిదికి ఎనిమిది. నీ గిటార్‌తోనే జేస్త. ఇగ రా సారూ, ఎండ మస్తు కొడ్తాంది.”

కాకి దిగింది. గారెలు వదిలేసి ముందు వేపుడు ముక్కే అందుకుంది.

లింగం, అతని అక్క సత్తమ్మ అలియాబాద్ పోయే ఆటో ఎక్కారు. ఊరు దగ్గరపడ్డాక సత్తమ్మ అంది.

“నీ గిటార్‌తోనే అంటివి. ఎరికుండే అన్నవారా? మనిషికిచ్చిన మాటైతె అటిటు జరుపొచ్చు. పిట్టకిస్తివి గద నువ్వు.”

“ఎట్లనో జేస్త అక్కా. అన్నీ ఫోన్ల ఉన్నయని సారే చెప్పిండు గద.”

లింగానికి నలభై ఎనిమిదేళ్లు. జీడిమెట్లలో ఓ మందుల కంపెనీ గోదాములో డ్రమ్ములు ఎత్తి దించే పని. డ్రమ్ములు దించీ దించీ కుడి భుజం ఎడమ దానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. ఆ భుజానికే బాపు ఇచ్చిపోయిన డప్పు వేలాడుతుంది. బుల్లిబాబు అదే కంపెనీ ల్యాబులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఒకే బస్సులో పోయేవాళ్లు గాని ఇద్దరికీ మాటల్లేవు. ఆయనది ముందు సీటు, ఇతనిది వెనక సీటు.

పన్నెండేళ్ల కింద దసరాకు కంపెనీలో ఆయుధపూజ. లింగం డప్పు తెచ్చాడు, బుల్లిబాబు గిటార్ తెచ్చాడు. రెండూ కలిపి వాయించమని ఎవరో ముచ్చటపడ్డారు. వినడానికి చాలా ఘోరంగా ఉంది. డప్పును మంట మీద సెగ చూపిస్తే తోలు బిగుస్తుంది, గొంతు పైకి లేస్తుంది. చల్లారుతున్నకొద్దీ కిందికి దిగుతుంది. ఎక్కడ దిగుతుందో, ఎంత దిగుతుందో ఆ రోజు గాలిని బట్టి, తేమను బట్టి. గిటార్‌కు ఈ బాధ లేదు, బిగించిన చోటే ఉంటుంది. “డప్పు ఆపవయ్యా” అని మేనేజరు అరిచాడు. బుల్లిబాబు మాత్రం గిటార్ చెవులు తిప్పి తీగలు వదులు చేసుకున్నాడు. తోలు ఇంకాస్త దిగింది. ఆయన మళ్లీ వదులు చేశాడు.

“ఎందుకు సారూ దించుతున్నవ్?” అన్నాడు లింగం.

“తీగకి మర ఉంది, తోలుకి లేదు కదయ్యా. దిగాల్సింది నేనే మరి.”

తన డప్పు కోసం ఎవరైనా దిగడం లింగం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆ సాయంత్రం వాపసు బస్సులో బుల్లిబాబు వెనక సీటుకు వచ్చి కూర్చున్నాడు. మళ్లీ ముందుకు పోలేదు.

నాట్ల పాటలు కడుపునిండా ఉన్న సత్తమ్మ గొంతు మూడోది. జట్టుకు ‘తోలు–తీగ’ అని పేరు పెట్టింది బుల్లిబాబే. దసరాకు, బోనాలకు, కాలనీవాళ్ల ఉగాదికి వాయించారు. పన్నెండేళ్లలో సొంతంగా ఎనిమిది పాటలు కట్టారు. నాట్లప్పటి వాన మీద ఒకటి, చెరువు అలుగు దూకడం మీద ఒకటి, కంపెనీ సైరన్ మీద ఒకటి, ఇలా. ఆదివారం మధ్యాహ్నాలు అలియాబాద్‌లో లింగం ఇంటి ముందే కూర్చునేవాళ్లు. కరీంనగర్ రోడ్డు లారీల మోత వినపడకుండా బుల్లిబాబు తన ఫోన్ మీద గంప బోర్లించి రికార్డు పెట్టేవాడు.

“ఏంది సారూ, ఫోన్‌ను పొదగేసినవా? ఎన్ని పిల్లలు జేస్తది?” అనేది సత్తమ్మ.

“ఎనిమిది, సత్తెమ్మ గారూ. లెక్కపెట్టుకోండి.”

రికార్డు చేసేటప్పుడు ఆయన గిటార్ ముట్టేవాడు కాదు. ఎదురుగా కూర్చుని వేళ్లతో లెక్క చూపిస్తూ తల ఊపేవాడు. “ముందు మీది పట్టుకోవాలి. నాదేముంది, ఇంటికెళ్లి వాయించి దీనికి అతికిస్తాను” అనేవాడు. ఎనిమిదోది అయిన రోజు ఫోన్ జేబులో వేసుకుని, “అన్నీ ఇందులో ఉన్నాయి లింగం. ఇంక ఆల్బం చెయ్యడమే” అన్నాడు. శ్రావణంలో ఓ పొద్దున, షిఫ్టు దిగి వస్తూ, బస్సు తూంకుంట దాటాక, లింగం భుజం మీదికి ఒరిగాడు. నిద్రనుకుని లింగం ఆ భుజం కదపకుండా శామీర్‌పేట దాకా కూర్చున్నాడు.

పదో రోజు గడిచినా లలితకుమారి ఫోన్ తెరవనివ్వలేదు. మాసికం అయ్యాక చూద్దామంది. అప్పటిదాకా లింగం బస్సు వెనక సీట్లో ఒక్కడే కూర్చుని ఆల్బం మనసులోనే వినేవాడు. మొదటిది వాన పాట. మొదట సారు ఒక్కడే, రేకుల మీద చినుకులు ఎడంఎడంగా పడ్డట్టు. తరవాత అక్క గొంతు. డప్పు మూడో చరణానికి గాని రాదు. ఆరోది అలుగు పాట. అందులో ఒకచోట డప్పు ఆగిపోవాలి, గొంతు ఆగిపోవాలి, తీగ ఒక్కటే నీళ్లమీద నడిచినట్టు నడవాలి. ఆ నడక ఎంతసేపో లింగం ఒంటికి తెలుసు. నోటితో అనబోతే మాత్రం రాదు. ఫర్వాలేదు, ఫోన్లో ఉంది కదా అనుకునేవాడు. అట్ట మీద ఏం బొమ్మ వేయాలో కూడా అనుకున్నాడు. గంప.

మాసికం నాటి మధ్యాహ్నం లలితకుమారి ఇంట్లో ఫోన్ తెరిచారు. బుల్లిబాబు కూతురు హర్షిత, ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది, ఆ పిల్లే తెరిచింది. ‘ఆల్బం’ అని పేరు పెట్టిన చోట ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా ఉన్నాయి.

మొదటిది పెట్టింది. సత్తమ్మ గొంతు వచ్చింది. మూడో చరణానికి డప్పు వచ్చింది. అయిపోయింది. రెండోది, మూడోది.

“ఆయనెక్కడ?” అంది లలితకుమారి.

ఆరోదానిలో డప్పు ఆగింది, గొంతు ఆగింది. ఆ ఖాళీలో ఒక లారీ పోయింది, ఎక్కడో కోడి కొక్కరించింది. మళ్లీ డప్పు సరిగ్గా వేళకే అందుకుంది. అంతసేపూ బుల్లిబాబు ఎదురుగా కూర్చుని లెక్క చూపిస్తూనే ఉన్నాడు. వేళ్లు చప్పుడు చేయవు.

ఎనిమిదోది కూడా అయిపోయాక సత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మేమందరం ఉన్నం బిడ్డా. పాట కట్టినాయనే లేడు.”

“అంకుల్, ఇంకెవరితోనైనా వాయిద్దామా? మా కాలేజీలో ఉన్నారు” అంది హర్షిత.

“నీ గిటార్‌తోనే అన్న బిడ్డా. మీ నాయినకు జెప్పిన” అన్నాడు లింగం. మళ్లీ తనే అడిగాడు. “ఇంట్ల వాయిస్తనన్నడు గద. ఎన్నడు వాయించలేదా?”

హర్షిత ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

“వాయించేవారు. డ్యూటీ నుంచి రాగానే ఈ గదిలోనే మొదలుపెట్టేవారు. నాకు మొదళ్లు అన్నీ వచ్చు అంకుల్.”

చిన్నగా కూనిరాగం తీసింది. వాన పాటే. రేకుల మీద చినుకులు ఎడంఎడంగా పడ్డాయి. లింగం వేళ్లు తొడ మీద కదిలాయి. సత్తమ్మ పాట అందుకోబోయింది. అంతలో రాగం ఆగిపోయింది.

“ఊఁ, అను బిడ్డా” అన్నాడు లింగం.

“ఇంతే వచ్చు” అంది హర్షిత. “ఇక్కడికొచ్చేసరికి నేను అరిచేదాన్ని. నాన్నా, చదువుకోవాలి, ఆపు అని. అన్ని పాటలకీ అంతే అంకుల్. ఎక్కడ అరిస్తే అక్కడిదాకే వచ్చు.”

“ఆపమంటె ఆపెటోడా?”

“వెంటనే ఆపేసేవారు. ఇంకొంచెం అని ఒక్కసారి కూడా అనలేదు.”

లలితకుమారి లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి స్టీలు డబ్బా తెచ్చి లింగం చేతికిచ్చింది. “కట్ట దగ్గర పెట్టి రండి అన్నయ్యగారూ. ఉన్న సంగతి మీరే చెప్పండి. నేను చెప్పలేను.”

లింగం, హర్షిత చెరువు కట్టకు పోయారు. ఆకు పరిచి అన్నం, వేపుడు పెట్టాడు. వెంచర్ బోర్డు మీద కాకి ఉంది. దారి పొడుగునా లింగం మాటలు కూడబెట్టుకుంటూనే వచ్చాడు: ఆల్బం చేయలేననీ, మాట తప్పుతున్నాననీ, కోపంగా ఉంటే ఎన్ని రోజులైనా ముట్టకుండా కూర్చొమ్మనీ, రోజూ వచ్చి బతిమాలుతాననీ.

“సారూ,” అన్నాడు. “పాటలు గావాయె.”

అంతే అనగలిగాడు.

కాకి దిగింది. తల వాల్చుకుని ముద్ద ముట్టింది, వేపుడు ముక్క అందుకుంది. లింగం ఆకు పక్కనే కూలబడ్డాడు.

“గప్పుడే దిగినవా సారూ? జర సేపన్న మొండికెయ్యరాదా!” అని ఏడ్చాడు.