ఈ ఏడు ఎవరికీ రాసివ్వలేదు

ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఒళ్ళు మంట. పదో తరగతి పిల్లల వీడ్కోలు సభ దగ్గర పడుతుంది. సభంటే ఉపన్యాసాలు. ఉపన్యాసాలంటే నేను. మా బడిలో తెలుగు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆ రోజు మైకు ముందు నిలబడే ప్రతి నోటికీ నేనే మాటలు సరఫరా చెయ్యాలి. తొమ్మిదో తరగతి వాళ్ళు చదివే వీడ్కోలు నాదే. పదో తరగతి వాళ్ళు కళ్ళొత్తుకుంటూ చదివే జవాబూ నాదే. హెడ్మాస్టరు గారి వార్షిక నివేదిక, వచ్చిన పెద్దల గురించి నాలుగు మంచి ముక్కలు, చివర్న వందన సమర్పణ, అన్నీ నేనే. అంటే నన్ను నేనే పొగుడుకుని, దానికి నేనే జవాబు చెప్పుకుని, నాకు నేనే కృతజ్ఞతలు చెప్పుకుని సాయంత్రం రైలెక్కి ఇంటికి పోయేదాన్ని.

మా ఇల్లు తెనాలిలో. బడేమో రేపల్లె అవతల ఒక పల్లెలో. పొద్దున్నే వంట చేసి, క్యారేజీ కట్టుకుని, రేపల్లె పాసింజరులో కిటికీ పక్కన సీటు దొరికితే అదే మహాభాగ్యం. భట్టిప్రోలు దాటేదాకా ఒక కునుకు. రేపల్లెలో దిగాక షేరాటో. అందులో ఒక తొడ మీద నా సంచి, ఇంకో తొడ మీద ఎవరిదో బిడ్డ. బడి గేటు దగ్గర దిగేసరికే సగం ప్రాణం పోయేది. బాపట్లలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను మెట్లు రెండేసి ఎక్కేదాన్నని ఇప్పుడు చెబితే మా ఆయన కూడా నమ్మడు. ఈ ఏడాదితో ఉద్యోగం ఆఖరు. ఇదొక్క వీడ్కోలు గట్టెక్కిస్తే చాలు దేవుడా అనుకుంటూ ఉన్నాను.

అదిగో, అప్పుడే పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. మంచివాడే. లెక్కలూ గిక్కలూ అడిగి పిల్లల్ని హడలగొట్టలేదు. పదో తరగతిలో ముందు బెంచీ అమ్మాయిని లేపి, "మీ ఊరి గురించి నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి క్లాసు ఫస్టు. దస్తూరి చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. లేచింది, చేతులు కట్టుకుంది, ఆయన వంక కాకుండా నా వంక చూసింది.

"మేడం ఇంకా రాసివ్వలేదండి," అంది.

ఆయన నవ్వాడు. పిల్లలు నవ్వారు. నేనూ పళ్ళికిలించాను. లోపల మాత్రం ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది.

ఆ సాయంత్రం రైల్లో కునుకు పట్టలేదు. ఆ పిల్ల పుట్టిన ఊరు. పొద్దున లేస్తే తిరిగే కాలవ గట్టు, నీళ్ళు మోసుకొచ్చే వీధి. దాని గురించి నాలుగు మాటలు చెప్పడానికి నేను రాసివ్వాలా? ముప్పై ఏళ్ళ పైన తెలుగు చెప్పాను. సంధులు చెప్పాను, సమాసాలు విడగొట్టించాను, పద్యాలు బట్టీ పట్టించాను, నోరు నొప్పెట్టేలా తిట్టాను. ఇంత చేసి, మనసులో ఉన్నది నోరు తెరిచి సొంతంగా చెప్పగలిగిన పిల్లనో పిల్లాడినో ఒక్కరినైనా తయారుచేశానా? ఉన్నారేమో, నాకు తెలియదు. నేను ఎప్పుడూ చెప్పనివ్వలేదు కదా, ముందే కాయితం చేతిలో పెట్టేదాన్ని. ఒక్కరి మాటైనా వినకుండానే ఇంటికి పోతానేమోనని భయమేసింది. నిజం చెప్పాలంటే ఏడుపే వచ్చింది.

మర్నాడు పదో తరగతిలోకి వెళ్ళి చెప్పేశాను. "ఈ ఏడు ఎవరికీ రాసివ్వను. ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడండి."

గొంతులో వెలక్కాయ పడ్డట్టు చూశారు అందరూ.

"తప్పులొస్తే ఎట్టాగండి?" అన్నాడొకడు.

"రానీ. ఆకాశమేం ఊడిపడదు."

"మర్చిపోతేనండి?" అంది క్లాసు ఫస్టు పిల్ల.

"అయిదేళ్ళు పక్కన కూర్చున్న స్నేహితురాలి గురించి చెప్పడానికి మర్చిపోవడమేంటే, నీ మొహం!"

వారం తిరక్కుండా తలా ఒక కాయితం పట్టుకొచ్చారు. ఒకడు యూట్యూబులో విన్నది విన్నట్టు దించాడు. ఎంత విన్నట్టంటే చివర్న "మీకు నచ్చితే లైక్ చెయ్యండి" అని కూడా రాసుకొచ్చాడు. ఒకమ్మాయి వాళ్ళ చర్చి పాస్టరు గారి దగ్గరికి పోయి రాయించుకొచ్చింది. "ఇంతవరకు మమ్మును తన రెక్కల చాటున కాచి కాపాడిన" అని మొదలుపెట్టి గడగడా చదివి ఆమేన్ అని ముగిస్తే, అలవాటు కొద్దీ సగం క్లాసు ఆమేన్ అంది. క్లాసు ఫస్టు పిల్ల రేపల్లెలో ట్యూషను మాస్టారి చేత రాయించుకుంది. నాలుగు వాక్యాలు చదివేసరికి నాకు అనుమానమొచ్చింది. "మా హృదయాలపై చెరగని ముద్ర" అన్న చోట అనుమానం తీరిపోయింది. అది నేను రాసిందే. ఆ ట్యూషను మాస్టారు ఎప్పుడో మా బడిలో చదివి, నేనిచ్చిన కాయితమే దాచుకున్నాడు. ఎవరి మీద కోప్పడను? నుదురు కొట్టుకున్నాను.

హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూముకే వచ్చారు. "ఏంటి మేడం గారూ, ఆఖరి ఏడాది ఈ పేచీ? పెద్దలొస్తారు, పరువు పోతుందండి. పైగా మీ సన్మానం కూడా ఆ రోజే పెట్టాం. ఆ సన్మాన పత్రం కాస్త మీరే..."

"నన్ను పొగుడుతూ నన్నే రాసుకోమంటారా?"

"మీరైతే బాగా రాస్తారని," అన్నారాయన. పాపం, నిజంగానే అన్నారు. అందులో తప్పేముందో ఆ పెద్దమనిషికి అర్థం కాలేదు. రాయనంటే రాయనన్నాను. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

కాయితం లేకుండా మాట్లాడతానన్నది ఒక్కతే. కిటికీ పక్కన కూర్చునే పిల్ల. వాళ్ళమ్మా నాన్నా ఆ చుట్టుపక్కల పొలాల్లో కూలికి పోతారు. దాని నోటికి తాళం ఉండదు. అటు పక్కన కూర్చోబెడితే అటు, ఇటు పక్కన కూర్చోబెడితే ఇటు, గోడ పక్కన కూర్చోబెడితే గోడతో మాట్లాడే రకం. ఏడాది పొడుగునా నా చేత ఎక్కువ తిట్లు తిన్నది అదే.

"నేను చెప్తానండి," అంది లేచి.

"ఏం చెప్తావే?"

"మా క్లాసు కబుర్లండి. ఏడాదంతా ఏం జరిగిందో చెప్తాను."

హెడ్మాస్టరు గారికి తెలిసి హడలిపోయారు. "ఆ వాగుడుకాయా? వద్దండి బాబూ, ఏం వాగుతుందో ఏంటో. ఆ పేరు తీసేయండి."

"ఆ పిల్ల మాట్లాడకపోతే నేను స్టేజీ ఎక్కనండి. ఆ శాలువా మీరే కప్పుకోండి," అన్నాను. ఆయన మళ్ళీ ఆ మాటెత్తలేదు.

అనడమైతే అన్నాను గానీ ఆ రోజు నుంచి నా గుండెల్లో రాయి పడింది. ఇంత చేశాక ఆ పిల్ల కూడా నలుగురినీ చూసి బిక్కచచ్చిపోతే? ధైర్యం చాలక ఎవరి దగ్గరో రాయించుకుని వచ్చి అప్పజెబితే? ఇంకో బ్యాచి లేదు నాకు. ఉన్నది ఈ ఒక్క పిల్ల నోరే. ఏం చెప్పబోతున్నావే అని అడగాలని నాలుగైదు సార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే దిద్దుతాను, దిద్దితే మళ్ళీ అది నాదే అయిపోతుంది. నోరు కట్టేసుకున్నాను.

సభ రోజు పొద్దుటి నుంచీ ఒకటే గోల. ఆడపిల్లలందరూ అమ్మల చీరలు, అక్కల చీరలు తెచ్చుకున్నారు. కట్టుకోవడం ఒక్కరికీ రాదు. కుచ్చిళ్ళు పెట్టి పెట్టి, పిన్నులు గుచ్చి గుచ్చి నా నడుం పడిపోయింది. షామియానా కింద ఉక్క. రావాల్సిన పెద్దలు రాలేదని గంటల తరబడి ఎదురుచూపు. వాళ్ళొచ్చాక దండలు, దీపం, ప్రార్థన. నాకు కాళ్ళు లాగుతున్నాయి. ఎప్పుడు ముగుస్తుందిరా అనిపిస్తోంది.

ముందు నా సన్మానం కానిచ్చారు. శాలువా కప్పి, దండ వేసి, ఇంగ్లీషు మాస్టారు సన్మాన పత్రం చదవడం మొదలుపెట్టారు. "అంకెలతో ఆటలాడించిన మేధావి, కఠినమైన లెక్కను సైతం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు..." నేను చెవులు రిక్కించాను. లెక్కలేంటి, నేనేంటి? అప్పుడర్థమైంది. వెనకెప్పుడో లెక్కల మాస్టారు రిటైరైనప్పుడు నేనే రాసిచ్చిన పత్రం అది. పేరు మార్చి అచ్చు వేయించారు. ఒక్కరూ గమనించలేదు. పెద్దలు చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు ఎలా ఉంది అన్నట్టు నా వంక చూసి చిరునవ్వు నవ్వారు. చివరికి నాకు దక్కిన పొగడ్త కూడా నేను రాసిందే, అదీ ఇంకొకరి కోసం. ఇంకో రోజైతే అక్కడే కడిగేసేదాన్ని. ఆ రోజు కోప్పడే ఓపిక కూడా లేదు. దండం పెట్టి కూర్చున్నాను.

తరవాత పిల్లలు. ఒకరి తరవాత ఒకరు కాయితాలు చదివారు. చెరగని ముద్రలు చాలానే పడ్డాయి. ఆఖర్న కిటికీ పక్క పిల్ల పేరు పిలిచారు. వాళ్ళమ్మ చీర అనుకుంటాను, కుచ్చిళ్ళు రెండు చేతులతో ఎత్తిపట్టుకుని మైకు దగ్గరికొచ్చింది. చేతిలో ఏమీ లేదు.

"అందరికీ నమస్కారమండి. మా క్లాసు కబుర్లు చెప్తానండి," అంది. ఒక్క క్షణం ఆగింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"వానాకాలంలో మా క్లాసులోకి నీళ్ళొచ్చాయండి. మేము రాలేదు గానీ కప్పలు మాత్రం రోజూ వచ్చాయి. వాటికే హాజరు ఎక్కువండి," అంది. షామియానా కింద గొల్లుమన్నారు. ఇక దానికి అడ్డు లేదు. "మా వాడొకడు సైకిలుతో సహా కాలవలో పడ్డాడండి. సంచి దొరికింది, సైకిలు దొరికింది, ఒక చెప్పు దొరకలా. అది ఎప్పటికైనా తేలుద్దని వాడు రోజూ రెండోది ఏసుకునే వచ్చాడు. మొన్న మా అమ్మావాళ్ళతో మినుము పీకటానికి పోయి నేను కొన్నాళ్ళు బడికి రాలేదండి. మా ఫ్రెండు రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి పాఠం చెప్పేది. దానికి అర్థం కానియ్యి కూడా చెప్పేది."

క్లాసు ఫస్టు పిల్ల చేతులతో మొహం కప్పుకుని పడీ పడీ నవ్వుతోంది. వచ్చిన పెద్దల్లో ఒకాయన ఫోను జేబులో పెట్టేసి వింటున్నాడు. నాకైతే కళ్ళు నిండిపోయాయి. ఉందమ్మా, ఒక్కతుంది. రాసివ్వకపోయినా చెప్పగలిగేది ఒక్కతి ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"ఇంకో కబురండి," అంది. "క్రిస్మస్ సెలవలకి ముందు మా తెలుగు మేడం వారం పాటు మమ్మల్ని తిట్టలేదండి."

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు.

"మీరు నవ్వుతున్నారు గానీ మాకు భయమేసిందండి. హోంవర్కు చెయ్యకపోయినా తిట్టలా. నేను కావాలని పక్కదాంతో గట్టిగా మాట్లాడా, అయినా తిట్టలా. మేడంకి ఏదో అయిందని మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరం అనుకున్నామండి. అడుగుదామంటే ఎట్టా అడగాలో తెలవలా. తరవాత మళ్ళీ తిట్టారు. హమ్మయ్య అనుకుని ఊరుకున్నాం."

ఆ వారం గుంటూరులో నా రొమ్ములో గడ్డకు పరీక్ష చేసి, రిపోర్టు కోసం ఆగమన్నారు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రోజూ రైలెక్కాను, పాఠాలు చెప్పాను, ఇంటికి పోయాను. మామూలు గడ్డే, భయం లేదన్నారు, సరిపోయింది. స్టాఫ్ రూములో పక్క కుర్చీలో కూర్చునేవాళ్ళు కూడా నా మొహం వంక చూడలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఆ పిల్ల మైకు వదిలేసి నా వైపు తిరిగింది. "ఇప్పుడడుగుతున్నానండి. మేడం, ఎట్టా ఉన్నారండి?"

లేచి నిలబడ్డాను. స్టేజీ మీద ఎవరైనా నా మాటెత్తితే లేచి దండం పెట్టడం అలవాటు. 'మీ అందరి దయవల్ల బాగానే ఉన్నానమ్మా' అన్న ముక్క నాలిక చివరిదాకా వచ్చింది. ఎవరు అడిగినా చెప్పమని ఎంతమంది పిల్లలకు నేర్పానో ఆ ముక్క. ఆ పిల్ల ఇంకా నా మొహంలోకే చూస్తోంది. నిజంగా తెలుసుకుందామనే చూస్తోంది. నాకు ఆ ముక్క పెగల్లేదు.

"అలిసిపోయానే," అన్నాను. "బాగా అలిసిపోయాను."

అది తలూపింది.

"అయితే కూర్చోండి మేడం," అంది. "ఇంకా చాలా కబుర్లున్నాయి. నేను చెప్తాగా."

కూర్చున్నాను.